ఏడో బోర్డు దగ్గర

పదింటికి వాళ్ళు వస్తారు, ఈలోగా ఏదో ఒకటి తేల్చెయ్యాలి, అనుకుంటూ శ్రీమన్నారాయణ పాత ఠాణా అరుగు ముందు నిలబడి జేబులోంచి ఫోను తీశాడు, తీసి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. మంచు ఇంకా విడలేదు. మాఘమాసపు మంచు మామిడి పూతకి మంచిది కాదు, నిన్ననే మందు కొట్టించాల్సింది, కొట్టించలేదు, నల్లబడితే నల్లబడనీ. చెట్లకి సిగ్గుండాలి అసలు. ఇంటి పిల్ల పోయి ఏడాది తిరక్కుండానే ఆకు కనపడకుండా పూసి కూర్చున్నాయి, ఊరు ఊరంతా అదే వాసన, ముక్కు మూసుకుని ఎక్కడికని పోతాడు మనిషి. గోడకి బిగించిన బోర్డు మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. కప్పిన గుడ్డ ఏది చూసినా అతనికి ఈమధ్య గుండె జారుతోంది, అది బోర్డయినా సరే, మంచం మీద దుప్పటయినా సరే. కొస పట్టుకుని మెల్లగా ఎత్తాడు. కింద ఒకటో నంబరు, ఫోనుకి చూపించే నలుపు తెలుపు గళ్ళు, ఆ కింద 'మీ ఊరు కాకపోయినా నిదానంగా నడవండి' అని కీర్తి రాసిన మాట.

కీర్తిప్రియ అతని కూతురు. ఒక్కతే. విజయవాడలో ఆర్కిటెక్చర్ చదివేది. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి తోటివాళ్ళంతా స్టేడియాలూ ఎయిర్‌పోర్టులూ గీస్తుంటే ఇది మాత్రం మన ఊళ్ళో పాత కట్టడాలు చూపిస్తానని కూర్చుంది. నూజివీడు వెళ్తే కోట ఉంది, మన చినగూడెంలో ఏముంది తల్లీ, కూలిపోయే గోడలు తప్ప, అంటే, కూలిపోతున్నాయి కాబట్టే నాన్నా అంది. గైడు ఉండడు, టికెట్టు ఉండదు. వచ్చినవాళ్ళు బోర్డుకి ఫోను చూపిస్తే చెవిలో ఒక గొంతు మాట్లాడుతుంది, ఇది ఫలానా, ఇటు తిరగండి, అక్కడ కాసేపు ఆగండి అని. ఏప్రిల్లో, మామిడి కోత మధ్యలో ఇంటికొచ్చి, ఆ గొంతంతా తనే చెప్పుకుంది. జూన్లో స్కూటరు మీద ఇంటికి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర నూజివీడు రోడ్డుకి తిరిగాక, లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీ... ఎప్పుడు తలుచుకున్నా అతని తలపు సరిగ్గా అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది, స్కూటరు మాత్రం ఆగదు.

తేజస్వి ఆ పిల్లకి రూమ్మేటు. ఇద్దరూ కలిసి చదివారు, ఒకతే పూర్తిచేసింది. ఆ తేజస్వే మిగిలినవాళ్ళని కూడగట్టుకుని, సగంలో ఉన్న పనిని పట్టుకుని, పోయిన వారం వచ్చి ఏడు చోట్ల ఏడు బోర్డులు బిగించి వెళ్ళింది. ఇవాళ కాలేజీ పెద్దవాళ్ళని తీసుకొచ్చి ఈ నడక మొదలుపెడుతుంది. వెళ్తూ వెళ్తూ కాళ్ళకి చెప్పులు తొడుక్కుంటున్నట్టు వంగి, తల ఎత్తకుండానే అడిగింది, అంకుల్, గొంతు కీర్తిదే ఉంచమంటారా, నేను చదివి మళ్ళీ రికార్డు చెయ్యనా, మీరూ ఆంటీ ఎలా అంటే అలా, అని. ప్రమీలారాణి వంటింట్లోంచే చెప్పేసింది, తీసెయ్యమ్మా అని. దారిన పోయేవాళ్ళందరూ పల్లీలు నములుకుంటూ నా పిల్ల గొంతు వినాలా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడినట్టు, అని. తర్వాత రాత్రి దీపం ఆర్పాక, మీ ఇష్టమండీ, అంది. మీ ఇష్టం అన్నదంటే ఆమె ఇష్టం ఎటో ఆమెకే తెలియడం లేదని ముప్ఫై ఏళ్ళ కాపురంలో అతను నేర్చుకున్న సంగతి. వింటే కదా ఇష్టమో కాదో తెలిసేది. ఇద్దరూ ఇంతవరకు ఒక్క ముక్క వినలేదు. అందుకే ఎవరూ లేచి తిరగకముందే, పంపుసెట్టు దగ్గరికి పోయొస్తానని అబద్ధమాడి, పిల్ల పాత ఇయర్‌ఫోన్లు సొరుగులోంచి తీసుకుని ఇలా వచ్చాడు. వాటిలో ఒక చెవి పనిచెయ్యదు. పనిచేసేదాన్ని కుడి చెవిలో పెట్టుకుని, పాలబ్బాయికి డబ్బులేసేటప్పుడు చూపించినట్టే ఫోనుని బోర్డుకి చూపించాడు.

'నమస్కారమండీ. చెప్పులు గట్టివే వేసుకున్నారా? మా ఊరి రోడ్లు చూశారుగా.' అంతే, చటుక్కున ఇయర్‌ఫోను పీకేశాడు. ఏమీ జరగలేదు. రేషను బండి వచ్చే దారి, అరుగు మీద ఖాళీ గోనెలు, ఒక పిల్లి, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, చెవి మాత్రం కాలినట్టుంది. ఆ గొంతు అంత దగ్గరగా ఉంటుందని అనుకోలేదు. ఫోనులో మాట్లాడినట్టు దూరంగా ఉంటుందనుకున్నాడు, ఫోటోలో మనిషిలాగా. ఇది అలా లేదు, చిన్నప్పుడు భుజం మీద ఎక్కించుకుని కొల్లేటికి తీసుకెళ్ళినప్పుడు చెవిలో గుసగుసలాడినట్టుంది, నాన్నా ఆ కొంగ మనల్నే చూస్తోంది, అని. మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతు అతని కోసం ఆగలేదు, తన పని తను చేసుకుపోతోంది, జమీందారు గారి మనుషులు ఇక్కడ కూర్చుని శిస్తు వసూలు చేసేవారట, కట్టలేని రైతుని ఆ మూల ఎండలో నిలబెట్టేవారట, ఇప్పుడు అదే అరుగు మీద బియ్యం ఇస్తున్నారు, లాక్కున్నచోటే పెట్టడం బాగుంది కదండీ, అంటోంది. వెక్కిరింత వాళ్ళ నాయనమ్మది, అచ్చం ఆవిడ మాట విరుపే. 'ఇప్పుడు ఎడమవైపుకి తిరగండి. రోడ్డు దాటేటప్పుడు రెండువైపులా చూసుకోండి, మా ఊళ్ళో ట్రాక్టర్లు హారన్ కొట్టవు.' అతను రోడ్డు పక్కన నిలబడిపోయాడు. ఎవరికో, మొహం కూడా తెలియనివాళ్ళకి చెప్పింది, చూసుకోమని. రోడ్డు మీద ఒక్క బండీ లేదు, అయినా రెండువైపులా చూసి, మళ్ళీ ఒకసారి చూసి, అప్పుడు దాటాడు.

రెండోది ఫాదర్లు కట్టించిన చర్చి. మెట్ల మీద మగ్దలేనమ్మ చీపురు పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. చర్చి ఊడవడం, గంట కొట్టడం ఆవిడ పని, ఊళ్ళో ఆవిడ గంట విని గడియారాలు సరిచేసుకునే రోజులు పోయాయి గానీ ఆవిడ మానలేదు. చెవిలో తీగ చూసి ఆవిడ ఏమీ అడగలేదు, పక్కకి జరిగి చోటిచ్చింది. కీర్తి చెబుతోంది, ఈ గోడల సున్నంలో బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపారట, చిన్నప్పుడు నేను నాకి చూశాను, తియ్యగా లేదు, మగ్దలేనమ్మ అమ్మమ్మ చూసి వీపు మీద ఒకటి వేసింది, అని. శ్రీమన్నారాయణకి ఆ సంగతి తెలియదు. కూతురి గురించి తనకి తెలియనిది ఇంకా ఒకటి ఉందన్నందుకు సంతోషం వేసింది, వేసిన వెంటనే ఇంకెన్ని ఉండి ఉంటాయో, అవన్నీ ఇక ఎవరు చెబుతారో అని దిగులేసింది. ఇయర్‌ఫోను తీసి, మా పిల్లని కొట్టావటగా, అన్నాడు.

మగ్దలేనమ్మ నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఇంకోలా అయిపోయింది. మొన్న బోర్డు పెట్టినప్పుడు తేజస్వి ఫోను పెద్దగా పెట్టి వినిపించిందట, విని లోపలికెళ్ళి తలుపేసుకుందట. నవంబరులో సమాధుల పండగనాడు తమవాళ్ళ సమాధులన్నిటి మీదా కొవ్వొత్తులు పెట్టాక ఒకటి మిగిలిందని, పాపకి పెడదామంటే పాపకి సమాధి లేదు కదా, అందుకని ఈ మెట్టు మీదే పెట్టానని, గాలికి ఆరిపోకుండా తెల్లారిందాకా చెయ్యి అడ్డంపెట్టుకు కూర్చున్నానని, ఎవరికీ చెప్పలేదని, నేల చూస్తూ చెప్పింది. తమ పద్ధతిలో బూడిద కృష్ణలో కలిపేశారు, నీళ్ళకి కొవ్వొత్తి పెట్టలేరు ఎవరూ.

"గొంతు తీయించేస్తారంటగా బాబుగారూ?" అంది ఆవిడ, అతను లేచాక.

"ఇంకా ఏమీ అనుకోలేదు."

"పెద్దవాళ్ళు మీరు, మీకు తెలీనిది కాదు. నా కోసం ఆ దెబ్బ మాట ఒక్కటీ ఉంచమని చెప్పండి."

తర్వాత నడక మిల్లు వైపు తిరగమంది, తిరిగాడు. మిల్లు గొట్టం మీద రావి మొలిచింది, ఆ గొట్టం గురించి కీర్తి చాలా చెప్పింది, ఇటుకలు ఎక్కడివో, పొగ ఆగిపోయింది ఎప్పుడో, అతను మాటలు వినలేదు, మాటల మధ్య ఊపిరి తీసుకున్న చప్పుడు విన్నాడు. మొదట అది వినపడలేదు, ఒకసారి వినపడ్డాక ఇక అదే వినపడుతోంది. ప్రతి మాట తర్వాతా చిన్నగా, ముక్కుతో. పుట్టినప్పుడు ఏలూరు ఆస్పత్రిలో గుడ్డలో చుట్టి చేతిలో పెడితే అతను మొదట చూసుకున్నది మొహం కాదు, ఆ ఊపిరే, అది ఉందా లేదా అని. నర్సు నవ్వింది, మీ పిల్ల బాగానే ఉందండీ, ఇహ ఊపిరాడకుండా చేసేది అదే మిమ్మల్ని, అని. ఆ నర్సు ఇప్పుడు ఎక్కడుందో. మిల్లు దాటితే మండువా ఇల్లు, లక్ష్మీనరసింహారావు బాబాయిది, బయట అరుగు మీద బాబాయి కాఫీ గ్లాసుతో ఉన్నాడు కాబట్టి ఆ బోర్డు దగ్గర ఆగలేదు. బాబాయి రమ్మని చెయ్యి ఊపాడు. అతను చెవి చూపించి, ఫోనులో ఉన్నట్టు నటించి, తలొంచుకుని నడిచాడు.

బాబాయి మీద కోపం ఏమీ లేదు. మంచివాడే. ఆ రోజు అన్నీ ఆయనే దగ్గరుండి చూశాడు, ఆస్పత్రిలో కాగితాలూ, పోలీసులూ, వ్యానూ, కట్టెలూ. పోగొట్టుకున్నవాడికి తెలివి ఉండదు అటువంటప్పుడు, ఇంకొకళ్ళ తెలివి అరువు తెచ్చుకోవాలి. వ్యాను నేరుగా ఆస్పత్రి నుంచి ఇంటికి, ఇంటి దగ్గర కాసేపు, అక్కడి నుంచి వాగు ఒడ్డుకి. వాన ముంచుకొస్తోంది. దారిలో దింపుడు కళ్లం వచ్చింది. వాగుకి వెళ్ళే దారిలో నాలుగు రాతి స్తంభాల మీద ఒక రాతికప్పు, మధ్యలో ఒక బండ, తరతరాలుగా ఊళ్ళో ఎవరు పోయినా పాడెని ఆ బండ మీద ఒకసారి దింపుతారు. అయినవాళ్ళు చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ఏమో, ప్రాణం ఎక్కడైనా ఓ మూల దాక్కుని ఉందేమో, పిలిస్తే పలుకుతుందేమో. పలకలేదా, పెద్దలు 'పలకలేదు, లేపండి' అంటారు, అప్పుడు మళ్ళీ భుజాలకెత్తుకుంటారు. వ్యాను డ్రైవరు ఊరివాడు కాదు, అయినా ఆ స్తంభాలు చూసి బండి నెమ్మది చేసి, ఇక్కడ ఆపాలాండీ, అని అడిగాడు. ఎవరో అన్నారు, పోస్టుమార్టం అయిన శరీరం, ఇంకా దింపడం ఎందుకని. ఎవరో అన్నారు, పద్ధతి పద్ధతే కదా అని. అందరూ శ్రీమన్నారాయణ వైపు చూశారు. శ్రీమన్నారాయణ, వద్దు, పోనీ, అన్నాడు.

తట్టుకోలేక అన్నాడనుకున్నారు అందరూ. బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు. పెద్దకర్మ అయ్యాక ఒక మధ్యాహ్నం ప్రమీలారాణికి ఎవరో చెప్పారు, ఆపలేదట అని. ఆడవాళ్ళు వాగుదాకా రారు కాబట్టి ఆమె చూడలేదు. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, "ఒక్కసారి దింపి పిలవాల్సింది కదండీ. మీరు పిలిస్తే ఎప్పుడైనా పలక్కుండా ఉందా అది," అంది. దెప్పలేదు, ఏడవలేదు, అలా అని మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. ఆ మాటకి అతని దగ్గర జవాబు ఉంది. ఇన్ని నెలలుగా ఉంది. ఒక్కరికీ చెప్పలేదు, చెప్పుకునేది కాదు, గొంతులో ముల్లు ఇరుక్కున్నవాడు అన్నం ముద్దలు మింగి చూసినట్టు ఏదో ఒక పని మింగుతూ తిరుగుతున్నాడు.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మంచు పలచబడింది. కలకత్తా షెడ్డు అంటారు దీన్ని, వాళ్ళ తాత కట్టించాడు, ఎండుగడ్డి పరిచి గంపల్లో కాయలు పేర్చి రైల్లో కలకత్తా పంపేవారట. ఇప్పుడు గంపలు లేవు, ప్లాస్టిక్ ట్రేలు, కలకత్తా కూడా లేదు, ఎవరికి రేటొస్తే వాళ్ళకే. బోర్డు మీద గుడ్డ తీశాడు. 'లోపలికి వెళ్ళి వాసన చూడండి. కాయలు లేనప్పుడు కూడా వాసన వస్తుంది, గోడలు తాగేశాయి. ఇది మా షెడ్డేనండీ. యజమాని మా నాన్న. మనిషి చూడ్డానికి పెద్ద రసం టెంకలా గట్టిగా ఉంటాడు గానీ ఏం భయపడకండి, అడిగితే కాయ పెట్టకుండా పంపడు. మే నెలలో వస్తే చిన్న రసాలు అడగండి. బంగినపల్లి ఇస్తానంటాడు, ఒప్పుకోకండి, రసాలు తనకోసం దాచుకుంటాడు.' ఓసి నీ... అనుకున్నాడు, పైకే అన్నాడు, అని నవ్వాడు కూడా. అదేంటి, నవ్వాడు. షెడ్డులో ఖాళీ ట్రేల మధ్య నిలబడి, ఎనిమిది నెలల తర్వాత, కూతురు తిడితే నవ్వాడు. రసాలు దాచుకునేది తన కోసం కాదే, అదే తెలుసుకోకుండా పోయావు, పైన అటక మీద గడ్డిలో పెట్టేది నీ కోసం, నువ్వు శనివారం వస్తావని. జూన్లో ఆ శనివారానికి పెట్టినవి గడ్డిలోనే ఉండిపోయాయి. తర్వాత వాసనొచ్చింది. ఎవరూ ఎక్కలేదు పైకి, కూలి మనిషి ఎవరో తీసి పెంటలో పారబోశాడు.

పదింటికి వస్తారు. ఎండ పొడ తగులుతోంది, ఇక ఒక్కటే మిగిలింది, దిగుడుబావి దగ్గర ఆగకుండానే దాటేశాడు, ఆగితే మిగిలిన ఒక్కదానికి కాళ్ళు రావని తెలుసు. వాగు దారి పట్టాడు. రెండుపక్కలా తోటలు, పూత మీద తేనెటీగల రొద. ఆ రోజు కూడా ఇదే దారి, కాకపోతే నడినెత్తిన ఎండ, మోటారు సైకిలు మీద వచ్చాడు. లారీ లోడవుతోంది, కూలీలు కసురుకుంటున్నారు, ప్రమీల ఫోను చేసి పిల్ల అన్నానికి రాలేదు, ఎక్కడుందో చూడండి అంది. ఊరంతా వెతికి వెతికి ఇటొస్తే, దూరం నుంచి కనపడింది, దింపుడు కళ్లం బండ మీద, స్తంభానికి తల ఆనించి, కళ్ళు మూసుకుని, కదలకుండా. అమ్మాయ్, అన్నాడు. కదల్లేదు. ఎండదెబ్బ అనుకున్నాడు. అప్పుడిక ఏ చోటు అన్నది గుర్తు లేదు, పేరు పెట్టి పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి గొంతు చించుకుని పూర్తి పేరు పిలిచాడు. పిలిచాక తెలిసింది.

ఆ చోట ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. గొడ్లు కాసేవాళ్ళు కూడా ఓయ్ అంటారు, ఈల వేస్తారు, పేరు మాత్రం అనరు. అక్కడ పేరు పోయినవాళ్ళది. చిన్నప్పుడు అతను తమ్ముణ్ణి అక్కడ పిలిచినందుకు వాళ్ళమ్మ చెంప పగలగొట్టి, ఇంటికెళ్ళాక ఇద్దరికీ దిష్టి తీసి, రాత్రంతా తమ్ముడి పక్కన కూర్చుంది. అటువంటిది తను, వెంట్రుకలు తెల్లబడినవాడు, కన్న కూతుర్ని దింపుడు కళ్లం బండ మీద చూసి మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు. పిల్ల పలకలేదు. చెయ్యి కొంచెం కదిలిందేమో, చూడలేదు, భయమేసింది, బండి వెనక్కి తిప్పి, వెనక్కి చూడకుండా షెడ్డుకి వచ్చి పడ్డాడు. కీర్తి తర్వాత ఇంటికెళ్ళి పెరుగన్నంలో మామిడిపండు నంజుకుని తినేసి పడుకుంది. పిలిస్తే విన్నావా అని అతను అడగలేదు. అడిగితే ఆ మాట ఇంట్లోకి వస్తుందనుకున్నాడు. దిష్టి తీయించలేదు, తీయించాలంటే ప్రమీలకి చెప్పాలి. అన్నీ మూఢనమ్మకాలు, చదువుకున్న పిల్ల నవ్వుతుంది, అనుకున్నాడు. ఏప్రిల్, మే, జూన్. వ్యాను నెమ్మది అయ్యి, ఇక్కడ ఆపాలాండీ, అని అడిగినప్పుడు అతనికి తెలుసు, ఇక దింపి పిలిచేదేమీ లేదని. పిలవడం అయిపోయింది. పలకలేదు. ఇంకా ఎవరిని మభ్యపెట్టడానికి, వద్దు, పోనీ.

రాతికప్పు నీడ అంచున ఆగాడు. ఇదెందుకు పెట్టావు తల్లీ, ఊళ్ళో ఇంకేమీ లేనట్టు ఇదెందుకు పెట్టావు, దీని బదులు ఆంజనేయస్వామి గుడి పెట్టకూడదా. బోర్డుని స్తంభానికి కట్టారు, గుడ్డ మంచుకి తడిసి అంటుకుపోయింది. తీశాడు. ఏడు. ఇది తీయించేద్దాం, మిగిలిన ఆరూ ఉంచి ఇదొక్కటీ తీయించేద్దాం, ఆ ఆలోచన ఇంతకుముందే ఎందుకు రాలేదు, అది చాలు, ప్రమీలకీ అదే చెబుదాం. వినకుండానే వెనక్కి తిరగబోయాడు. వినకుండా తీసేస్తే పిల్లని మధ్యలో నోరు నొక్కినట్టు అనిపించింది. బండ మీద కూర్చోలేక, నేల మీద కూర్చుని, ఫోను చూపించాడు.

'ఇది దింపుడు కళ్లం. భయపడకండి, పగలే కదా. శ్మశానానికి తీసుకెళ్తూ ఇక్కడ ఒకసారి దింపుతారు, చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. పలికితే ఇంటికి తీసుకెళ్ళిపోతారు. ఎప్పుడైనా ఎవరైనా పలికారా అని ఊళ్ళో పెద్దవాళ్ళందర్నీ అడిగాను. ఎవరూ పలకలేదట. అయినా పిలవడం మానలేదు. గోడలూ తలుపులూ లేవు గానీ, మా ఊళ్ళో అన్నిటికంటే పెద్ద కట్టడం ఇదేననిపిస్తుంది నాకు. ఇప్పుడు కాసేపు నేనేం మాట్లాడను. కళ్ళు మూసుకుని వాగు చప్పుడు వినండి.'

వాగు వినపడింది. ఏప్రిల్ వాగు, ఒక్క పాయ, రాళ్ళ మధ్య సన్నగా. గువ్వ ఒకటి కూస్తోంది. ఎక్కడో ట్రాక్టరు. ఆ చప్పుళ్ళ మధ్య ఆ పిల్ల ఊపిరి ముక్కుతో మెల్లగా. అందుకా కళ్ళు మూసుకున్నావు, అందుకా కదల్లేదు, చప్పుడు పట్టుకుంటున్నావా. ఆ తర్వాత దూరం నుంచి మోటారు సైకిలు, అది దగ్గరవుతోంది, ఆ సైలెన్సరు చప్పుడు తనదే, తెలియకపోవడమేంటి. ఆపెయ్యాలని వేలు ఫోను మీదికి వెళ్ళింది, వెళ్ళి అక్కడే ఉండిపోయింది. 'అమ్మాయ్!' ఎవరిదో ముసలి గొంతు. తన గొంతు అంత ముసలిదని అతనికి తెలియదు. 'కీర్తీ!' వాగు, గువ్వ. 'కీర్తీ!' గువ్వ ఎగిరిపోయినట్టుంది. 'కీర్తిప్రియా!' అంత గట్టిగా అరిచాడా, అంత భయం ఉందా ఆ అరుపులో, ఇది విని కూడా ఎలా నవ్వింది. అవును, నవ్వింది. చెవికి ఆనించినట్టు, చాలా దగ్గరగా, కిసుక్కుమని నవ్వి, 'ఆఁ నాన్నా, వస్తున్నా,' అంది. వెంటనే గొంతు పెంచి, 'వస్తున్నా నాన్నా! అరవకు!' అంది. అప్పటికే మోటారు సైకిలు రయ్యిమని లేచింది, తిరిగింది, దూరమైపోతోంది, దూరమైపోయింది. 'వెళ్ళిపోయాడు,' అంది కీర్తి. 'మా నాన్నండీ. అన్నానికి పిలుస్తున్నాడు. ఇది కట్ చెయ్యనులే, ఉండనీ. సరే, మన నడక అయిపోయింది. జాగ్రత్తగా ఇంటికి వెళ్ళండి.'

ఆ తర్వాత ఏమీ లేదు. అతను నేల మీద అలాగే కూర్చున్నాడు. బండి చప్పుడు. ఇన్ని నెలలు తనని తిన్నది బండి చప్పుడు. ఇంజను రైజు చేసుకుని తను పారిపోతుంటే వెనక పిల్ల పలికింది, ఒకసారి కాదు రెండుసార్లు, నాన్నా అని కూడా అంది. మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు, పిలుపులు వచ్చేదాకా ఆగాడు, మూడో పిలుపు తర్వాత ఆ నవ్వు, ఆఁ నాన్నా. ఇంకోసారి. బండ అంచు మీద నుదురు ఆనించి, ఏడ్చాడు, మొగవాడు ఏడిస్తే ఎలా ఉంటుందో ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. పిల్ల తిరిగి రాలేదు, రాదు, ఆ దుఃఖం ఎక్కడికీ పోలేదు, అలాగే ఉంది, కొండంత ఉంది, కాకపోతే ఇప్పుడది ఒట్టి దుఃఖం. దాని పక్కన కూర్చోవచ్చు.

ఫోను మోగింది. ప్రమీలారాణి. వాళ్ళు ముందే వచ్చేశారట, తేజస్వి వాళ్ళు, కాలేజీ పెద్దవాళ్ళు, అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చిందట, పంపుసెట్టు దగ్గర మీరు లేరట, అని చెప్పి, గొంతు తగ్గించి, ఏం చెప్పమంటారండీ ఆ పిల్లకి, అని అడిగింది.

"ఉంచమను," అన్నాడు.

అవతల ఎవరివో కుర్చీలు జరిపిన చప్పుడు వినపడింది.

"ప్రమీలా. వాళ్ళతోపాటు నువ్వూ రా. ఏడో బోర్డు దాకా రా."

"అక్కడికా? నేనా? ఎందుకండీ?"

"పిలవాల్సింది కదా అన్నావు. పిలిచాను నేను. ఏప్రిల్లోనే పిలిచాను, నీకు చెప్పలేదు." బండ పట్టుకుని లేచి నిలబడ్డాడు. "పలికింది ప్రమీలా. పిల్ల పలికింది."